ఎడమకి లాగే బండి

యుద్ధం అయిపోయిన మరుసటేడు ఎండాకాలంలో అమరేశ్వరరావు తన పాత కారుని ఎద్దులబండికి మోకులతో కట్టించి మా షెడ్డు ముందుకి లాగించుకొచ్చాడు. నేను కిటికీకి కట్టిన గోనె పరదా వెనకాల నిలబడి చూశాను. టాపు గుడ్డ చివికి వేలాడుతోంది. సీట్లలో ఎలుకలు గూళ్ళు పెట్టాయి. ఈపూరు అవతల వాళ్ళ ఊళ్ళో గొడ్లచావిట్లో పడి ఉందేమో, బండంతా పేడ కంపు. ఎడమ మడ్‌గార్డు మీద నొక్కు మాత్రం అట్లాగే ఉంది. ఆ నొక్కు నా మొగుడి పాపమని కోర్టు తీర్పు చెప్పింది.

నా మొగుడు సత్తార్ అమరేశ్వరరావు దగ్గర డ్రైవరు. చిలకలూరిపేట పోయే రోడ్డు మీద, కల్వర్టు దాటాక, సైకిలు మీద పోతున్న ఒక బడిపంతుల్ని ఈ బండి గుద్దేసింది. పంతులు అక్కడికక్కడే పోయాడు. ఆ పూట స్టీరింగు పట్టుకున్నది అమరేశ్వరరావు. ఆయనకి బండి నడపటమంటే పిచ్చి. ఊరు దాటగానే సత్తార్‌ని పక్కకి జరగమని తనే నడిపేవాడు. లైసెన్సు లేదు, తీసుకోవాలన్న ధ్యాసా లేదు. కోర్టులో మాత్రం ప్రమాణం చేసి, తనకి నడపటమే రాదని, జన్మలో స్టీరింగు చక్రం ముట్టుకోలేదని, డ్రైవరు కునికిపాటు పడ్డాడని చెప్పాడు. సత్తార్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎవరి మాట నిలిచిందో చెప్పక్కర్లేదు. ఆయన నడపటం చూసినవాళ్ళు లేకపోలేదు. వాళ్ళంతా ఆయన పొలాలు కౌలుకి చేసుకునేవాళ్ళు.

సత్తార్ జైలు నుంచి దగ్గుతో వచ్చాడు. మళ్ళీ మనిషి కాలేదు. ఇంటి వెనక నులకమంచం మీద పడుకుని రోడ్డు మీద పోయే బండ్ల చప్పుళ్ళు వింటా, ఏది ఏ బండో, దాని గేర్లు ఎట్లా ఉన్నాయో చెప్పేవాడు. అట్లా చెబుతా చెబుతానే పోయాడు. అప్పటి నుంచి నేనూ, మా మామ నూర్ మొహమ్మదూ మిగిలాం. మామ మెకానిక్. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గుతో నడిచేవి కదా, వాటి వెనక బొగ్గు మండించే పీపాలు మరమ్మతు చేసి మా ఇద్దరి కడుపులు నింపాడు. నేను మిషను మీద బట్టలు కుట్టేదాన్ని.

అట్లాంటి మా గుమ్మం ముందుకి వచ్చి అమరేశ్వరరావు నవ్వుతా నిలబడ్డాడు. మునిసిపాలిటీ ఎన్నికలు వస్తున్నాయట. తను నిలబడుతున్నాడట. ఊళ్ళో తిరగటానికి బండి కావాలట. కొత్తవి దొరకటం లేదు, దీన్నే కొత్తదాన్ని చెయ్యాలి, అది నీ వల్లే అవుతుంది అన్నాడు. చివర్లో, "ఏం సాయిబూ, పాతవన్నీ మనసులో పెట్టుకోలేదు గదా?" అన్నాడు.

మామ బండి చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చెయ్యేసి చూసి, "బండేం చేసిందయ్యగారూ, పెట్టిపోండి" అన్నాడు.

ఆ పూట జొన్నరొట్టెలు మామ ముందు పెట్టి లోపలికి పోయాను. కొడుకుని తిన్న బండిని కొత్తపెళ్ళికూతుర్ని చేస్తాడంట అని లోపల్నుంచే, ఆయనకి వినపడేటట్టు అన్నాను. ఆయన వినీ విననట్టు తిని లేచాడు.

మర్నాడు నేనే షెడ్డులోకి పోయాను. బండిని అల్లా మన చేతికిచ్చాడు, స్టీరింగు కడ్డీ చివర బోల్టు ఊడిపోకుండా గుచ్చే పిన్ను ఒక్కటి పెట్టకుండా వదిలేస్తే చాలు అన్నాను. సత్తార్ చెప్పగా చెప్పగా నాకు ఆ మాత్రం తెలుసు. ఏదో ఒక గుంటలో బోల్టు జారుతుంది, చక్రం ఒక పక్కకి, మనిషి ఒక పక్కకి పోతాడు, ఎవరికీ మన మీద అనుమానం రాదు అన్నాను.

మామ చేతిలో రెంచి కింద పెట్టాడు. "ఆ బండి పోయే రోడ్డు మీద ఇంకెవరూ నడవరా బేటీ? ఇంకో పంతులు చస్తే? మా వాడు చంపాడని ఒక అబద్ధం మోస్తున్నాం. దాన్ని నన్ను నిజం చెయ్యమంటావా?"

ఆయన చెప్పింది సబబే. అయినా కోపం పోలేదు.

ఇక షెడ్డు ముందు రోజూ సాయంత్రం సభలు మొదలయ్యాయి. ఊళ్ళో బండ్ల పిచ్చి ఉన్నవాళ్ళకి ఆ కారు సంగతి తెలిసింది. అందర్లోకీ ముందు వచ్చేది ప్లీడరు పున్నారావు గారు. సత్తార్ తరఫున వాదించి ఓడిపోయిన ప్లీడరు ఆయనే. మద్రాసు నుంచీ బెజవాడ నుంచీ దొరలు వదిలిపెట్టిపోయిన పాత కార్లు తెచ్చి బాగు చేయించటం ఆయన వ్యసనం. వేపచెట్టు నీడలో మంచం మీద కూర్చుని మిల్లు యజమానులతో వాదన పెట్టుకునేవాడు. వాళ్ళకి కావల్సింది వేగం, ఎన్ని సిలిండర్లు, ఎంత చప్పుడు. ఈయన మాత్రం బండి గొప్పదనమంతా స్టీరింగులోనే ఉందనేవాడు. కింద ఇసకుందో కంకరుందో అరచేతికి తెలియాలనీ, మిలిటరీ వాళ్ళు అమ్ముతున్న జీపులు పట్టుకుంటే గాడిద మెడ పట్టుకున్నట్టుందనీ అనేవాడు. ఈ మాటలు నాకు కొత్త కాదు. సత్తార్ కూడా ఇట్లాగే మాట్లాడేవాడు. పరదా ఇవతల కూర్చుని మిషను ఆపి వినేదాన్ని.

మామ ఆ బండిని ఏ మరకి ఆ మర విప్పేశాడు. నల్ల రంగు గీకితే కింద దానిమ్మగింజ రంగు బయటపడింది. దాన్నే మళ్ళీ వేయించాడు. బేరింగులు బెజవాడలో మిలిటరీ సామాన్ల వేలంలో వెతికి తెచ్చుకున్నాడు. తలుపుల లోపలి కర్రంతా వడ్రంగి చేత కొత్తగా పెట్టించాడు. కొత్త టాపు గుడ్డ కుట్టమని నాకే ఇచ్చాడు. ఎందుకు కుట్టానో అడగొద్దు. మందం గుడ్డలో సూది దిగక విరిగినప్పుడల్లా అమరేశ్వరరావుని తిట్టుకుంటా కుట్టాను. ఆయన మధ్యమధ్య వచ్చి చూసిపోయేవాడు. ఇంజను మొదటిసారి పలికిన రోజున అక్కడే ఉన్నాడు. కళ్ళు మూసుకుని విన్నాడు. మనిషి కపటి గానీ బండి మీద ప్రేమ మాత్రం కపటం కాదు. అది నాకు ఇంకా మంట పుట్టించింది.

పని చివరికొచ్చింది. స్టీరింగంతా బిగించి మామ పొద్దువాలే వేళ అసర్ నమాజుకి మసీదుకి పోయాడు. నేను షెడ్డులోకి పోయి బండి కిందకి దూరాను. వెతుక్కుని, పట్టకారుతో ఆ పిన్ను లాగేసి కొంగున కట్టుకున్నాను. చేతులు వణకలేదు. ఆ సంగతి దాచుకోను.

మామ తిరిగొచ్చి చీకటి పడకముందే ఇంకోసారి కిందకి దూరాడు. ఏ పని చేసినా రెండోసారి చూసుకోకుండా వదిలే మనిషి కాదు. బయటికొచ్చి డబ్బాలో నుంచి ఇంకో పిన్ను తీసుకుని మళ్ళీ లోపలికి పోయాడు. చేతులు తుడుచుకుంటా నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. ముందు చక్రాల మధ్య ఇరుసు చూపించి, అది వంగి ఉంటే కమ్మరి కొలిమిలో కాల్పించి సూటి చేయించానని చెప్పాడు.

"అందుకే ఈ బండి ఎడమకి లాగేది. ఎప్పుడు చూసినా స్టీరింగుని కుడికి పట్టి ఉంచాల్సొచ్చేది. బాగు చేయిద్దామని సత్తార్ ఎన్నిసార్లు అడిగాడో. ఆయన వినలేదు."

ఆ సంగతి నాకు మామ కంటే ఎక్కువ తెలుసు. సత్తార్ ఇంటికొస్తే కుడి భుజం పట్టేసేది. రోజూ నువ్వులనూనె వేడి చేసి నేనే పట్టించేదాన్ని. ఆ భుజం కండ నా వేళ్ళకి ఇప్పటికీ గుర్తే. ఇరుసు వంక చూస్తా నిలబడ్డాను. అప్పుడు తట్టింది.

"మామా, ఇప్పుడు సూటిగా పోతదా?"

"చెయ్యి వదిలేసినా పోతది."

"మరి ఆ పాత బండిని చానా రోజులు నడిపినోడు వచ్చి పట్టుకుంటే?"

మామ చేతులు తుడుచుకోవటం ఆపేశాడు. "కుడికి పోద్ది. వాడి చెయ్యి ఇంకా పాత బండే అనుకుంటది."

"ఎప్పుడూ నడపనోడు పట్టుకుంటే?"

"వాడి చేతికేం తెలుసు? అటూ ఇటూ పోతాడు."

ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. కొంగున కట్టుకున్న పిన్ను విప్పి మామ చేతిలో పెట్టాను. మిగతా పని ఎట్లాగో ఆయన అడగలేదు. ముందు పున్నారావు గారిని నడపనియ్యి, అయ్యగారు చూస్తుండగా నడపనియ్యి అని మాత్రం చెప్పాను.

అట్లాగే జరిగింది. పున్నారావు గారు స్టేషను దాకా పోయి వచ్చి దిగటంతోనే, మద్రాసు ప్రెసిడెన్సీలో ఇట్లాంటి స్టీరింగు ఇంకోటి ఉండదన్నాడు. వేలితో తిప్పితే తిరుగుతోందట, వదిలేస్తే తనంతట తనే సూటిగా వస్తోందట. అమరేశ్వరరావు చేతులు వెనక్కి కట్టుకుని వింటున్నాడు. పరదా సందులోంచి నాకు ఆ చేతులే కనపడుతున్నాయి. వేళ్ళు ఒకదాన్నొకటి నలుపుకుంటున్నాయి. తన బండి, తన రోడ్డు, పక్కవాడెవడో నడిపి సుఖపడుతున్నాడు. ఆ రోజు పోయాడు. మర్నాడు మళ్ళీ వచ్చి, కాలం మారింది, నాయకుడనేవాడు తన బండి తనే నడుపుకోవాలి, పున్నారావు గారి దగ్గర నేర్చుకుందామనుకుంటున్నాను అని నలుగురిలో అన్నాడు. నేర్చుకుందామనుకుంటున్నాను అన్న మాట ఒత్తి పలికాడు.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఆయనకి ఇంకో ఆలోచన కూడా వచ్చింది. చనిపోయిన పంతులు భార్య గ్రేసమ్మ గారు మా పేటకి అవతల వీధిలో ఉంటుంది, బళ్ళో టీచరు. ఆ ఉద్యోగం వేయించింది అమరేశ్వరరావే. క్రిస్మస్‌కి ఇంటికి పోయి పలకరిస్తాడు. ఆమె ఆయన్ని దేవుడు పంపిన మనిషి అనుకునేది. నేను ఎదురొస్తే మాత్రం రోడ్డు దాటి అవతలి పక్కకి పోయేది. ఇప్పుడు ఆ బండి వెనక సీట్లో గ్రేసమ్మ గారినీ, పక్కన నన్నూ కూర్చోబెట్టి బజారంతా తిప్పితే ఎట్లా ఉంటుంది? పాత కక్షలన్నీ మర్చిపోయి ఇద్దరు ఆడవాళ్ళూ ఆయన వెంట ఉన్నారని ఊరంతా చూస్తుంది. క్రైస్తవుల ఓట్లూ, మా వాళ్ళ ఓట్లూ రెండూ కలిసొస్తాయి. మామ చేత కబురు పెట్టించాడు. వస్తానన్నాను.

ఆ రోజు పొద్దున్నే బురఖా వేసుకుని బండెక్కాను. గ్రేసమ్మ గారు అప్పటికే ఎక్కి కూర్చుంది. తెల్లచీర, ఒళ్ళో గొడుగు. నా వైపు చూడలేదు, తలుపు వైపుకి ఒత్తిగిలింది. బజారులో పున్నారావు గారే నడిపాడు. అమరేశ్వరరావు పక్కన కూర్చుని అటూ ఇటూ దణ్ణాలు పెట్టాడు. మామ ఫుట్‌బోర్డు మీద నిలబడి ఇంజను వింటున్నాడు. ఊరు దాటి చిలకలూరిపేట రోడ్డు ఎక్కాక అమరేశ్వరరావు బండి ఆపించి, ఇక్కడ జనం లేరు, పాఠం మొదలుపెడదామా అన్నాడు. ఇద్దరూ సీట్లు మారారు.

మొదట్లో బాగానే నటించాడు. క్లచ్చి ఏది, గేరు ఎటు అని అడిగాడు. పున్నారావు గారు ఓపిగ్గా చెప్పాడు. బండి ఒక కుదుపు కుదిపి కదిలింది. ఆ కుదుపు కూడా కావాలని చేసిందే. కొంచెం దూరం పోయాక రోడ్డు ఖాళీగా కనపడింది. ఇంజను మెత్తగా పలుకుతోంది, గాలి మొహానికి కొడుతోంది. ఆయనకి ఒళ్ళు తెలియలేదు. చెప్పకుండానే రెండో గేరు వేశాడు, మూడోది వేశాడు. పున్నారావు గారు చెప్పబోయిన మాట నోట్లోనే ఆగిపోయింది. బండి మాత్రం మెల్లగా కుడివైపుకి జరుగుతోంది. ఆయన సర్దుతాడు, మళ్ళీ జరుగుతుంది. ఎదురుగా పొగాకు బళ్ళు వస్తున్నాయి.

"ఏంది సాయిబూ, ఇట్లా చేశావు?" అన్నాడు విసుగ్గా. "కుడికి పోతోంది."

"లేదయ్యగారూ, అది సూటిగానే పోతోంది. మీరు తిప్పుతున్నారు."

"నేనెందుకు తిప్పుతాను? ఇదివరకు ఎడమకి గదా లాగేది. పట్టీ పట్టీ నా భుజం ఊడిపోయేది. ఇప్పుడు..."

అక్కడ ఆగాడు. పొగాకు బళ్ళు దాటిపోయాయి. పున్నారావు గారు ముందుకి చూస్తానే, చానా నెమ్మదిగా అడిగాడు.

"ఎవరి భుజం అమరేశ్వరరావు గారూ?"

ఆయన మెడ వెనక చెమట కాలర్లోకి దిగటం నాకు కనపడింది. పంతులు పోయిన కల్వర్టు ఇంకా ముందుంది. దాని గోడ కనపడగానే ఆయన కాలు దానంతటదే బ్రేకు మీద పడింది.

"బండి ఆపండి" అంది గ్రేసమ్మ గారు. అప్పటికే అది ఆగిపోయిందని ఆమెకి తెలియలేదు.

ఆమె దిగింది. నేనూ దిగాను. ఎండ మాడుతోంది. ఆమె గొడుగు తెరవకుండా చేత పట్టుకుని ఊరివైపు నడవటం మొదలుపెట్టింది. నేను కొంచెం వెనకగా నడిచాను. చానా దూరం పోయాక నిలబడి, నేను పక్కకి వచ్చేదాకా ఆగి, గొడుగు తెరిచి ఇద్దరికీ పట్టింది.

"మీ ఆయన కోర్టులో నా వైపు చూసి ఒట్టేశాడు" అంది. "నేను మొహం తిప్పుకున్నాను."

ఊరొచ్చేదాకా గొడుగు అట్లాగే ఇద్దరి మీదా పట్టింది.

తర్వాత చేసిందంతా ఆమే. కేకలు పెట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. సాయంత్రం బడి విడిచాక ఇంటింటికీ పోయి, బండిలో తన చెవులతో విన్న మాట విన్నట్టు చెప్పి, మంచినీళ్ళు కూడా తాగకుండా లేచి వచ్చేది. పిల్లలకి తప్పొప్పులు దిద్దే మనిషి. ఒక్క అక్షరం పెంచేది కాదు, తగ్గించేది కాదు. పున్నారావు గారిని అడిగినవాళ్ళకి ఆయనా అదే చెప్పాడు. అబద్ధపు ప్రమాణం మీద కేసు పెట్టాలని కాగితాలు కదిపాడు గానీ, చనిపోయినవాడి తరఫున ఇన్నేళ్ళకి ఎవరు వింటారని పైవాళ్ళు పక్కన పడేశారు. అమరేశ్వరరావు తన మనుషుల్ని పంపించి, అది సత్తార్ చెప్పగా విన్న మాటేననీ, నోరు జారిందనీ చెప్పించాడు. మరి నోరు జారితే గేర్లెట్లా పడ్డాయని బజార్లో అడిగారు. ఆయన వీధిలోకి వస్తే చాలు, ఎవడో ఒకడు అరుగు మీద కూర్చుని భుజం తడుముకునేవాడు. ఏమీ అనేవాడు కాదు, భుజం తడుముకునేవాడు, అంతే. ఎన్నికల్లో సొంత వీధి ఓట్లు కూడా సరిగ్గా పడలేదు.

ఓడిపోయాక బండి కోసం మనిషిని పంపించాడు. మామ ఇంట్లో లేడు. పరదా పక్కకి జరిపి నేనే గుమ్మంలోకి వచ్చి చెప్పాను.

"బండి తయారుగా ఉంది. ఆయన్నే వచ్చి నడుపుకుని పొమ్మని చెప్పు."

వచ్చినవాడు బస్టాండుకి పోయి డ్రైవర్లని అడిగాడట. వాళ్ళందరూ సత్తార్‌తో కలిసి టీ తాగినవాళ్ళే. ఒక్కడూ ఆ స్టీరింగు ముట్టుకోనన్నాడు. గుంటూరు నుంచి ఒకణ్ణి తెచ్చాడు. వాడు షెడ్డు దాకా వచ్చి, సంగతి విని, తలపాగా సర్దుకుని వెనక్కి పోయాడు. ఎడ్లు కట్టి లాక్కుపోదామంటే ఎద్దులబండి తోలే కోటయ్య కూడా రానన్నాడు. నడుపుకుని పోవటానికి ఆయనకి చేతులున్నాయి. ఊరందరి కళ్ళముందు ఆ చేతులు స్టీరింగు మీద పెట్టాలి. అది ఆయన వల్ల కాలేదు. జట్కాలో మా షెడ్డు ముందు నుంచి పోవాల్సొస్తే మొహం అటు తిప్పుకునేవాడు. కొన్నాళ్ళకి ఆ దారే మానేసి స్టేషను వైపు నుంచి చుట్టు తిరిగి పోయేవాడు. దసరా ముందే ఊళ్ళో ఇల్లు ఖాళీ చేసి ఈపూరు అవతలికి మకాం మార్చాడు.

ఒకరోజు గ్రేసమ్మ గారు మా ఇంటికి వచ్చింది. అప్పటికి రాకపోకలు అలవాటయ్యాయి. మిషను దగ్గర కూర్చుని రవికె గుడ్డ చూస్తా, "నీ కడుపు చల్లబడిందా అబిదా?" అని అడిగింది.

"లేదు" అన్నాను.

"నాకూ లేదు" అంది. చెయ్యి కొలత తీసుకోమని ముందుకి చాపింది.

ఆ సాయంత్రమే పెద్ద వాన పడింది. మామ షెడ్డులో నుంచి టార్పాలిను భుజాన వేసుకుని, బయట నిలిపిన బండి దగ్గరికి పరిగెత్తాడు. ఆ రంగు, ఆ నికెలు పూత, నేను కుట్టిన ఆ టాపు, అన్నీ తడుస్తున్నాయి. జీవితం మొత్తంలో ఆయన అంత మంచి పని ఇంకోటి చెయ్యలేదు. నాకు తెలుసు.

"కప్పొద్దు మామా" అన్నాను గుమ్మంలో నుంచి. "తుప్పు పట్టనీ."

ఆయన వానలో నిలబడి నా వంక చూశాడు. తర్వాత బండి వంక చూశాడు. బానెట్ మీద చెయ్యేసి నీళ్ళు ఒక్కసారి తుడిచాడు. తుడిచిన చోట మళ్ళీ నీళ్ళు నిలిచాయి. టార్పాలిను మడిచి చంకలో పెట్టుకుని లోపలికి వచ్చాడు. నేను తలుపు వెయ్యలేదు. ఇద్దరం గుమ్మంలో కూర్చుని చీకటి పడేదాకా ఆ టాపు మీద వాన చప్పుడు విన్నాం.